నవ్వనివాళ్ల వైపు చూడమన్నావు

బాపూ,

నువ్వు పోయిన ఏడాదికి, నిన్న ఆబిడ్స్‌లో నా మొదటి స్టాండప్ షో చేశాను. రేడియోలో వార్తలు చదివి, కార్పొరేటర్‌వై, చివరికి స్టేజీ ఎక్కి నిన్ను నువ్వే ఆటపట్టించుకున్న నీ కథే చెప్పాను. నాంపల్లిలో ఓట్లడిగి, అలవాటుకొద్దీ "ఇంతటితో వార్తలు సమాప్తం" అన్నావని చెప్తే హాలంతా పడీపడీ నవ్వింది.

ముందు వరుసలో ఒక ముసలమ్మ మాత్రం నవ్వలేదు. "నవ్వనోళ్ల దిక్కు చూడు బిడ్డా, ఆళ్లకే మనతోని పని ఉంటది" అనేవాడివి. అందుకే షో అయ్యాక నీలాగే ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఏంది అవ్వా, నల్లాల నీళ్లు వస్తలేవా?"

"మంచిగనే వస్తున్నయి బిడ్డా, నల్లా మీ బాపే పెట్టిచ్చిండు. గా ముచ్చట ఆయన నోట ఇని మస్తు నవ్వేదాన్ని. నువ్వు చెప్తుంటే ఆయన లేడని యాదికొచ్చింది."

ఆమెకు కావలసింది నువ్వు, ఆ పని నావల్ల కాలేదు బాపూ. ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను.