బిడ్డను ఎత్తుకొనుటకు అనుమతి కోరుట

జిల్లా బాలల సంరక్షణ అధికారి గారికి, జగిత్యాల.
కోరుట్లలో రైస్‌మిల్లు హమాలీ దేవదాస్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: విచారణ ముగిసేవరకు నా కూతురిని ముట్టుకోనని నేను వ్రాసి ఇచ్చిన హామీ పత్రమును రద్దు చేయుట గురించి.

1. నా కూతురు షారోను, వయసు తొమ్మిది. రక్త క్యాన్సర్‌కు ఏడాదిన్నరగా హైదరాబాదులో చికిత్స జరుగుతున్నది. రక్తం బాగుపడుతున్నదన్నారు. అయితే ఆ మందులకే ఎముకలు గుల్లబారినవి. నీళ్ల చెంబు ఎత్తితే మణికట్టు విరిగింది. తుమ్మితే వెన్నుపూస కుంగింది.

2. ఎప్పుడూ పడుకోబెట్టే ఉంచవద్దు, మెల్లగా నడిపించమని డాక్టరమ్మ చెప్పారు. జూన్ పదకొండు సాయంత్రం వాకిట్లో నడిపించాను. "కాలు నొస్తంది బాపూ" అన్నది. భయానికి అంటున్నదనుకున్నాను. "లెవ్వు! ఇంకో నాలుగడుగులెయ్యి!" అని అరిచాను. బిడ్డ కేకలు పెట్టింది. పక్కింటి మల్లక్క విని, తండ్రి కొడుతున్నాడని ఫోన్ చేసింది. ఆమెను తప్పు పట్టను. నేనైనా అదే చేసేవాణ్ణి.

3. తమ సిబ్బంది వచ్చి "మీ బాపు కొడ్తడా?" అని బిడ్డను అడిగారు. "కొట్టడు. నడువుమంటడు" అన్నది. చేతికట్టు చూసి, కాలి వాపు చూసి, నాతో హామీ పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు.

4. మరుసటి వారం స్కానింగ్‌లో, తుంటి ఎముకకు రక్తం అందక అది చచ్చుబడుతున్నదని తేలింది. మందు వల్లనే గాని దెబ్బ వల్ల కాదని డాక్టరమ్మ వ్రాసిచ్చారు. నకలు జతపరచడమైనది. ఇకపై కాలు మోపనీయవద్దు, ఎత్తుకొనే తిప్పాలన్నారు.

5. నలభై రోజులుగా నా భార్య స్రవంతి ఎత్తుతున్నది. బీడీలు చుట్టీ చుట్టీ ఆమె నడుము ముందే పోయింది. రోజంతా యాభై కిలోల బస్తాలు మోసే నేను గడపలో నిలబడి చూస్తున్నాను. తమ ఆఫీసుకు మూడుసార్లు వచ్చాను. "సారు సిరిసిల్ల మీటింగుకు పోయిండు, రేపు రా" అన్నారు.

నేను కొట్టలేదు. నొస్తుందంటే నమ్మలేదు, అది మాత్రం నిజం. దానిని కూడా ఫైలులో వ్రాసుకోగలరు. విచారణ నడవనీయండి, ఎన్నిసార్లు పిలిచినా వస్తాను. ఎత్తుకోవచ్చునని ఒక్క వాక్యం ఇప్పించండి.

ఇంత మాత్రం చిత్తగించవలెను, అయ్యా.

తమ విధేయుడు,
దేవదాస్

తా.క. కాగితం మడుస్తుండగా బిడ్డ మంచం దిగబోయి జారింది. స్రవంతి బీడీల ఆకు తేవడానికి కార్ఖానాకు పోయింది. నేల తాకకముందే నేను పట్టుకున్నాను. ఎక్కడ పట్టుకుంటే ఏది విరుగుతుందోనని వేళ్లు బిగించకుండా ఎత్తాను. "మంచిగ పట్టుకో బాపూ, ఏం గాదు" అన్నది. హామీ తప్పాను. తమరు ఏ చర్య తీసుకున్నా సరే. ఇంకా దించలేదు.