రుమాలు కింద బేరం

చెల్లె సత్తవ్వకు,

బొంబాయిలో క్షేమమే. ఇక్కడ పప్పులోనూ తీపి వేస్తారు, మన బోధన్ చక్కెరంతా ఇటే వచ్చిందేమో. కొనుగోలుదారుల సభలో బహ్రెయిన్ సేటు మన ఊరి పసుపు ధర అడిగాడు. నలుగురిలో ధర పైకి చెప్పడం నాకు చేతకాదు. నిజామాబాద్ గంజ్‌లో బాపు చేసినట్టే అతని చేతిమీద నా తువ్వాల కప్పి, వేళ్లు పట్టి ధర చెప్పాను. తర్జుమా చేసే ఫుర్ఖాన్ "ఇజ్జత్ తీసినవ్ గదా కాకా" అని గొణిగాడు. సేటు మాత్రం చెయ్యి తీయలేదు. తిరిగి నా వేళ్లు నొక్కి నవ్వాడు. వాళ్ల తాత ముత్యాల బేరం ఇట్లనే చేసేవాడట. సరుకు చూసి ఖాయం చేయడానికి వచ్చే వారం మన కోటగిరికి వస్తున్నాడు.

ఆరబెట్టిన పసుపు మంచుకు తడవనివ్వకు. బర్రె ఈనిందా? పిల్లలకు నా దీవెనలు. పెట్టెలో బాపు ఎర్ర రుమాలు తీసిపెట్టు. ఉతకకు, ఆయన చేతి పసుపు దానికింకా ఉంది.

నీ అన్న,
లింబయ్య