మూడు విమానాల నడక

ఆగస్టు 4, సోమవారం

హైదరాబాద్ నుంచి శాంటియాగో తిన్నగా ఎగిరితేనే పదహారు వేల నాలుగు వందల కిలోమీటర్లట. మనకు తిన్నగా లేదు. మూడు విమానాలు, ముప్పై రెండు గంటలు. నా కొడుకు జోయెల్ చెప్పి ఊరుకోక ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు, నాకు చదువు రానట్టు.

చిలీలో వెటరన్స్ మీట్. అరవై ఐదు దాటిన ఆడవాళ్లకు ఐదు కిలోమీటర్ల నడక పందెం. నేను సెలక్టయ్యాను. స్కూల్లో ముప్పై ఏళ్లు డ్రిల్లు చేయించినదాన్ని. నలభై నిమిషాలు నడవడానికి అంతసేపు కూర్చుని పోవాలా, ఆ నడకేదో యూనివర్సిటీ క్యాంపస్‌లో నడిస్తే పోదా అంటాడు. రోజూ నడుస్తున్నది అక్కడే కదా. ఆర్ట్స్ కాలేజీ ముందు ఎంతమంది స్టూడెంట్లను దాటేస్తున్నానో వీడికేం తెలుసు.

ఆగస్టు 6

డాక్టర్ శైలజ నడకకు ఓకే అంది. విమానంలో అంతసేపు కదలకుండా కూర్చుంటేనే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమట. జోయెల్ ఆ ఒక్క ముక్క పట్టుకుని టికెట్ క్యాన్సిల్ చేద్దామంటున్నాడు.

సరే. కూర్చోవడం కూడా నేర్చుకుంటా.

ఆగస్టు 7

మంచానికీ బీరువాకీ మధ్య విమానం సీటులా కుర్చీ ఇరికించి పొద్దున్నే కూర్చున్నాను. గంటకోసారి లేచి హాల్లో నాలుగు అడుగులు, మళ్లీ సీటు. కోడలు లిడియా ట్రేలో అన్నం తెచ్చి వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగింది. ఇంట్లో నా పార్టీ అదొక్కతే. సాయంత్రం జోయెల్ వచ్చి చూసి, స్నానానికి పోయాడు.

ఆగస్టు 8

పాదాలు వాచాయి. ఎవరికీ చూపించలేదు.

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో స్త్రీల కూడికలో సువార్తమ్మ ప్రార్థన చేసింది, రూతమ్మగారి మనసు మార్చు ప్రభువా అని. జోయెల్ పనే. ఒళ్లు మండింది. అయినా అందరితోపాటు ఆమెన్ అన్నాను. తర్వాత లేచి, నా మనసు మారలేదు, ఇక ప్రయాణం కోసం చైన్ ప్రేయర్ పెట్టండి, గంటకొకరు అన్నాను. ముందు నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే చేతులెత్తారు. చివరికి విమానం సముద్రం మీదుండే ఒక్క గంట మిగిలింది. అది నేనే చేసుకుంటానన్నాను.

సెప్టెంబరు 2, ఎయిర్‌పోర్ట్

నా పేరు రాసిన బోర్డుతో వీల్‌చైర్ వచ్చింది. జోయెల్ నాకు చెప్పకుండా బుక్ చేశాడు. నడక పందేనికి పోతున్నదాన్ని చక్రాల మీద తోయిస్తాడా? హ్యాండ్‌బ్యాగు అందులో కూర్చోబెట్టి, పక్కన నేను నడిచాను. కుర్చీ తోసే ఆవిడ నన్ను అందుకోలేక ఆయాసపడింది.

గేటు దగ్గర జోయెల్ గొంతు తగ్గించాడు.

"అమ్మా, ప్రేయర్‌లో ఆ ఖాళీ గంట నేను చేస్త."

"ఖాళీ ఏం లేదు. అది నాది."

వాడి ముఖం చూస్తే జాలేసింది. అయినా ఇవ్వలేదు.

తారీఖు తెలియదు, సముద్రం మీద

నా గంట వచ్చింది. ప్రార్థనకని కళ్లు మూసుకుని నిద్రపోయాను. లేచేసరికి ఆ గంట అయిపోయింది. విమానం పడలేదు.

వద్దన్నా జోయెల్ చేసే ఉంటాడు. నా కొడుకు కదా, చెబితే వింటాడా.