చదునైన లెన్స్

ఫిబ్రవరి 3
ఈరోజూ చుక్క పడలేదు. గాజు ముక్క మీద లక్షల నానో స్తంభాలు నిలబెట్టాను, ఒక్కోటి వెంట్రుకలో వందో వంతు కూడా ఉండదు. మామూలు లెన్స్‌కున్న ఒంపు లేకుండానే అవి లేజర్ వెలుగును వంచి ఒక్క చుక్కగా చేర్చాలి. కంప్యూటర్‌లో చేరుస్తున్నాయి. ల్యాబ్ టేబుల్ మీద మాత్రం మసక మరక.
28న రివ్యూ. ఆలోగా ఫోకస్ చూపించకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. నా టెక్నీషియన్ ఉద్యోగమూ అంతే.

ఫిబ్రవరి 9, ఆదివారం
చర్చి నుంచి వస్తూ గోల్‌బజార్‌లో చేపలు కొన్నాం. దారంతా నేను మాట్లాడలేదు. ఏటమ్మా ఏంజలిన్, సేపలోడి మీద కోపమా అన్నారు డాడీ. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

ఫిబ్రవరి 14
కొత్త ముక్క చేశాను. అదీ అంతే. డిజైన్ శ్రావణిది, ఆమె పీహెచ్‌డీ దీని మీదే. తన లెక్కే తప్పేమోనని మూడోసారి మొదటి నుంచీ చేస్తోంది. పాపం.

ఫిబ్రవరి 18, ఉదయం 11
ముక్క తయారు చేసేది నేను, టేబుల్ మీద బిగించేది శ్రావణి. ఈరోజు పక్కనే నిలబడి చూశాను. కంటికి కనబడని స్తంభాలు ఏ వైపున్నాయో తెలియడానికి నేను గాజు మీద డైమండ్ పెన్నుతో పెట్టిన గీత వెతికి, ఆ వైపు చుక్కను చూసే కెమెరాకు ఎదురుగా తిప్పింది. ఎందుకలా అన్నాను. గీత ఉన్నది స్తంభాల వైపే కదా, ఏ ల్యాబ్‌లోనైనా అంతే అంది.
నేను గీత వెనకవైపు పెడతాను. డాడీ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేశారు, అక్కడ ఇనుప ముక్కకి పనిచేసే వైపు ఎవరూ గుర్తు పెట్టరు. చిన్నప్పుడే నేర్పారు. ల్యాబ్‌లో ఏ వైపు పెట్టాలో నేనెవరినీ అడగలేదు.
అంటే ముక్క తిరగబడి ఉంది, స్తంభాలు కెమెరా వైపు కాక లేజర్ వైపున్నాయి. వెలుగు సరిగ్గానే వంగుతోంది. గాజు లోపలే చుక్కగా చేరి, బయటికొచ్చేసరికి చెదిరిపోతోంది.
తలనొప్పి అని చెప్పి వచ్చేశాను. పిరికిదాన్ని.

సాయంత్రం 5
ఆరు వారాలు పోగొట్టాను. రేపు గుట్టుగా తిప్పి బిగిస్తే ఎవరికీ తెలీదు. శ్రావణి మాత్రం తన లెక్కనే అనుమానిస్తూ ఉంటుంది.
డాడీకి చెప్పాను. నానూ ఓపాలి బ్రేక్ లీవరు ఎనక్కి బిగించీసినాను, నానే ఎల్లి ఫోర్‌మాన్‌కి సెప్పినాను, కడుపారా తిట్టి టీ ఇప్పించినాడు అన్నారు.

ఫిబ్రవరి 19
చెప్పేశాను. శ్రావణి మూడుసార్లు చేసిన లెక్కల కాగితాలన్నీ మడిచి బ్యాగులో కుక్కింది. తర్వాత ముక్క నా చేతికిచ్చి, నువ్వే తిప్పు అంది.

మధ్యాహ్నం 12:40
చుక్క పడింది. ఆకుపచ్చగా. శ్రావణి నా కుడిచెయ్యి ఇంకా వదల్లేదు, ఎడమచేత్తో రాస్తున్నాను.