నాచారానికి రాని జవాబు

ఉప్పల్, సోమవారం

ప్రియమైన సరితకు,

పొద్దుటి నుంచి ఏడుసార్లు ఫోన్ చేశావు. నేను ఎత్తలేదు, ఎత్తను. ఫిర్యాదు ఏదైనా కాగితం మీద రాసి టపా సంచిలో వేయాలన్నది ఇరవై ఏళ్లుగా నా పద్ధతి. నా దగ్గర పని నేర్చుకున్నదానివి, నీకు మళ్లీ చెప్పాలా?

నిన్న ఆదివారం మన ల్యాబుకు కొత్త సర్వర్ పెట్టాను. ఇక్కడ ఉప్పల్ కౌంటర్లన్నీ దానితో హాయిగా పనిచేస్తున్నాయి. మీ నాచారం యూనిట్‌కే అది కనబడటం లేదంటే తప్పు ఎక్కడుందో వీధి చివర పాన్‌డబ్బా వాడైనా చెబుతాడు. నీ కంప్యూటర్లలో గేట్‌వే అడ్రసు సరిచూసుకో. సొంత వీధి దాటి వెళ్లే డేటా ఆ గుమ్మం గుండానే పోవాలని నీకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆ సుద్దముక్క దండగైంది.

నువ్వు కళ్లు తెరిచేదాకా రక్తపరీక్షల రిపోర్టులు పెన్‌డ్రైవ్‌లో వేసి టపా సంచితో పాటు గోపయ్య వ్యానులో పంపించు. తప్పు ఎవరిదో తేల్చి నేను శనివారం జనరల్ మేనేజరుకు రాసివ్వాలి. నీ కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది దాన్ని చూసే తేలుస్తారట.

నీకు అర్హత లేకపోయినా ఆశీస్సులతో,
భూషణం


నాచారం, మంగళవారం

ప్రియమైన భూషణం సార్‌కి,

మీ ఆజ్ఞ ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. నిన్న మీ చిట్టీ ఇస్తూ గోపయ్య, "ఏందమ్మా, ఉప్పల్‌కెంచి నాచారంకు చిట్టీలు రాసుకునుడేంది? ఒక్క ఫోన్ జేస్తే అయిపోదా?" అన్నాడు. మా సార్‌కు చేతికి కాగితం తగిలితే తప్ప చెవులు వినబడవని చెప్పాను.

పద్నాలుగు కంప్యూటర్లలోనూ గేట్‌వే చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక్కడి నుంచి మీ రిసెప్షన్ ప్రింటర్‌కు పింగ్ కొట్టి, ఉన్నావా అని పలకరిస్తే టక్కున పలికింది. దారే తెగిపోయి ఉంటే అది పలకదు కదా. మీ కొత్త సర్వర్ ఒక్కటే మూగనోము పట్టింది. నేను పంపేది ఉప్పల్ రూటర్ దాటి సర్వర్ దాకా వెళ్తోంది. జవాబు మాత్రం రూటర్‌కు తిరిగి రావటం లేదు.

ఒక్క సంగతి చెప్పండి. ఆ సర్వర్‌కు సబ్‌నెట్ మాస్కు ఏమని పెట్టారు?

మీ దండగమారి శిష్యురాలు,
సరిత


ఉప్పల్, బుధవారం

ప్రియమైన సరితా మేడమ్ గారికి,

నాకే పరీక్ష పెట్టే స్థాయికి ఎదిగారన్నమాట. సంతోషం.

మాస్కు 255.255.0.0. నా అడ్రసుల రిజిస్టర్‌లో ప్రతి పేజీ నెత్తినా అదే అచ్చయి ఉంటుంది. 2009లో ప్రెస్సులో దగ్గర కూర్చుని వేయించాను. ఏ మెషీన్‌కు ఏ అడ్రసు ఇచ్చానో అందులో నా చేతిరాతతో ఉంది. ఆదివారం కూడా అందులో చూసే పెట్టాను. రెండేళ్ల కిందట మీ నాచారం యూనిట్ తెరిచినప్పుడు ఎవడో కాంట్రాక్టరు వచ్చి ఏదో గెలికి, కాగితాలు ఇచ్చి పోయాడు. వాటిని నేను విప్పను కూడా లేదు.

ప్రింటర్ పలికిందట! ప్రింటర్‌ను అడిగి నెట్‌వర్క్ నేర్చుకునే ఇంజనీరును నిన్నే చూస్తున్నాను. 'నాచారం సిబ్బంది నిర్లక్ష్యం' అని రిపోర్టు రాసి సంతకం కూడా చేసేశాను. శనివారం నాలుగింటికి జనరల్ మేనేజరు బల్ల మీద ఉంటుంది.

నీకు నేర్పినందుకు సిగ్గుపడుతూ,
భూషణం


నాచారం, గురువారం

ప్రియమైన సార్‌కి,

మీ ఉత్తరం చదివితే మొదట నవ్వొచ్చింది, తర్వాత అసహ్యమేసింది. మీ తప్పును మీరే రాసి, కింద సంతకం పెట్టి పంపారు.

మీరు చెప్పిన పాఠమే మీకు అప్పజెబుతున్నాను. అడ్రసులో ఎంత భాగం వీధి పేరు, ఎంత భాగం ఇంటి నంబరు అన్నది మాస్కు చెబుతుంది. ఒకప్పుడు అందరం ఉప్పల్ బిల్డింగులోనే ఉన్నాం. అంతా ఒకే వీధి, మీ 255.255.0.0 సరిపోయింది. ఇప్పుడు వీధులు రెండు. ఉప్పల్‌ది 10.20.4, నాచారంది 10.20.5. మాస్కు 255.255.255.0 ఉండాలి; ఆ కాంట్రాక్టరు పాత మెషీన్లన్నింటికీ అలాగే మార్చాడు, అందుకే మీ ప్రింటర్ పలికింది. మీ సర్వర్ మొదటి రెండు సంఖ్యలే చూసి నాచారం కూడా తన వీధిలోనే ఉందనుకుంటోంది. జవాబును గేట్‌వే చేతికివ్వకుండా ఉప్పల్‌లోనే నిలబడి నన్ను కేకేస్తోంది. నేను అక్కడ లేను సార్, రెండేళ్లుగా లేను.

నాచారం అంటే మీ పెరడు అనుకునే జబ్బు మీరు పెట్టిన మెషీన్‌కు కూడా అంటింది. దాన్ని మార్చటానికి ఒక్క నిమిషం చాలు. నా ఆరేళ్ల ఉద్యోగం ఆ నిమిషం మీద ఆధారపడి ఉంది, అయినా బతిమాలను.

"నీ మొహం జూస్తే ఫికరైతుందమ్మా, సంచిల ఎయ్య, నేనే ఆయన చేతిల పెడ్త" అంటున్నాడు గోపయ్య. అతని చేతికే ఇస్తున్నాను.

సరిత


నాచారం, శనివారం సాయంత్రం

భూషణం సార్‌కి,

ప్రియమైన అని రాయటానికి చెయ్యి రాలేదు.

రెండింటికి సర్వర్ పలికింది. పద్నాలుగు కంప్యూటర్లలోనూ ఒకేసారి. మాస్కు మార్చారన్నమాట. నాకు ఒక్క ముక్క రాయలేదు. నాలుగింటికి గోపయ్య ఫోన్ చేసి, "సారే కవరు పట్టుకొని పెద్దసారు రూంలకు పోయిండమ్మా" అన్నాడు. చీకట్లో తప్పు దిద్దుకునే తెలివి ఉంది గానీ, వెలుతురులో ఒప్పుకునే దమ్ము లేదు మీకు. ఇన్నేళ్లూ మా సార్ అని పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాను.

నా ఐడీ కార్డు ఇందులో పెట్టాను. సోమవారం పొద్దుటి సంచిలో అందుతుంది.

సరిత


ఉప్పల్, సోమవారం

ప్రియమైన సరితకు,

కార్డు తిప్పి పంపుతున్నాను, మెడలో వేసుకో. ఉత్తరం ఘాటుగా రాశావు గానీ, సగం చూసి తీర్పు చెప్పే నీ పాత రోగం ఇంకా పోలేదు.

గోపయ్య చేతికిచ్చిన నీ ఉత్తరాన్ని గురువారం సొరుగులో పడేశాను. శనివారం భోజనం తర్వాత విప్పాను. మాస్కు మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు. తర్వాత రెండు గంటలు కూర్చుని రిపోర్టు మళ్లీ మొదటి నుంచి రాశాను. పాత రిపోర్టు చింపేశాను. లోపలికి పట్టుకెళ్లింది కొత్తది, నకలు జతచేశాను. మొదటి వాక్యం చదువు: 'ఆరు రోజుల అంతరాయానికి బాధ్యుడు ఉప్పల్ సిస్టమ్స్ ఇన్‌ఛార్జి భూషణం. నాచారం ఇంజనీరు సరిత మంగళవారమే సరైన ప్రశ్న అడిగింది.' నీ ఉద్యోగం పర్మనెంట్ చేయాలని చివర రాశాను. జనరల్ మేనేజరు నా ముందే సంతకం పెట్టారు. "ఆ అమ్మాయికి నేర్పింది మీరే కదండీ" అని నవ్వారు. నేర్పానండీ, ఆ తర్వాత నేనే మర్చిపోయానన్నాను.

ఆ పూటే నీకు రాయాలని కాగితం తీశాను. క్షమించమని ఎవరికీ రాసి ఎరగను. నేను తడుముకుంటుండగానే సంచి వెళ్లిపోయింది. నువ్వు పంపినవన్నీ నాకు చేరాయి సరితా, ఆ ఏడు ఫోన్లతో సహా. జవాబు తిరిగి రాకపోవడానికి కారణం నేనే.

రిజిస్టర్ కూడా పంపుతున్నాను. నిన్నంతా కూర్చుని నూట తొంభై రెండు పేజీల నెత్తిన ఉన్న అచ్చును ఎర్ర సిరాతో కొట్టేశాను. సరైన మాస్కు నువ్వే రాయి. నీ రాత కోడిగీతలే, అయినా చదువుకుంటాను.

ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యి. ఈసారి ఎత్తుతాను.

నీ సార్,
భూషణం