రెక్కల పాముకి జలుబు చేయించిందెవరు?

చంపేశారు బావా! మీరంతా కలిసి రెక్కల పాముని బతికించి, నవలని చంపేశారు.

ఫోను చేస్తే మధ్యలో పెట్టేస్తావని కాగితం మీద తిడుతున్నాను. నిన్న మీ సినిమా చూశాను. నవలలో ఏముంది? దీపాలవాడి కూతురు చీకటి లోయ దాటలేక ఏడుస్తుంటే, ఆ పాము తన కళ్ళలో వెలుగంతా తీసి పిల్ల లాంతరులో పోసి చచ్చిపోతుంది. బడి మానేసి ఈ బైండింగ్ షాపులో చేరినప్పుడు నాకు కూడబలుక్కోవడం తప్ప రాదు. అన్నం తినే వేళల్లో నెలరోజులు ఆ పేజీనే పట్టుకు వేలాడాను. చదవడం వచ్చింది దాని మీదే. మరి మీ సినిమాలో? పాముకి జలుబు! అది తుమ్మితే ఆ గాలికి పిల్ల ఎగిరి అవతలి గట్టున పడింది. హాలంతా ఒకటే ఈలలు.

సినిమా సెట్ల వడ్రంగివి. ఆ పాముని చేసింది నీ చేతులే. సమాధానం చెప్పు.

మండిపోతున్న నీ బావమరిది

తా.క. పక్క సీటాయన "నవలలో కూడా ఇంత నవ్వొస్తుందా?" అని అడిగాడు. ఆయన చొక్కా గుండీ నా జేబులో ఉంది.

*

బావమరిదికి బావ దీవెనలు.

నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది, కొన్ని మాటల దగ్గర దగ్గుతూ. సారాంశం అర్థమైంది. నీకు ముక్కు నచ్చలేదు. అందరూ ఆ ముక్కు మీదే పడ్డారు. తుమ్మాల్సిన ముక్కు చిన్నగా ఉంటే ఎలాగయ్యా? మూడు వారాలు చెక్కాను. లోపల ఇద్దరు మనుషులు ఫ్యాన్లు పట్టుకుని కూర్చోవాలి. రెక్కకి నూట పద్దెనిమిది మడతబందులు బిగించాను. వాటి గురించి ఒక్క ముక్క రాయడానికి నీకు చేతులు రాలేదా?

నీ మేలు కోరే బావ

తా.క. నీ ముక్కు చూసి చెక్కానని మీ అక్క అంటోంది. అబద్ధం. మొదట్లో చూశాను, అంతే.

*

బావా,

నేను ముక్కు అన్నానా? ఈసారి అక్కని దగ్గకుండా చదవమను. చెక్కపని బ్రహ్మాండం. నేనడిగేది తుమ్ము ఎవడు రాశాడని!

నేను మరీ మొండివాణ్ణి కాదు. యుద్ధం మధ్యలో పాట పెడితే ఊరుకున్నాను. రాజుగారి నల్లగుర్రం తెల్లగా కనిపిస్తే, పోనీ దొరకలేదేమో అనుకున్నాను. పుస్తకాన్ని తెర మీదకి తేవాలంటే కొంత కొయ్యక తప్పదు. అట్ట వేసే ముందు మేమూ కోస్తాం. కానీ అంచులు కోస్తాం బావా, అక్షరాలు కోయం!

వెక్కిరించాలంటే దానికి వేరే పుస్తకమే ఉంది. ఈ నవలకి ఒకాయన పేరడీ రాశాడు. అచ్చులో అవే అక్షరాలు, అదే పేజీల లెక్క, అధ్యాయాల మొదటి వాక్యాలు కూడా అవే. దాన్నీ ఇక్కడే కుట్టాం. నేను చదవలేదు, చదవను. అయినా ఆయన మర్యాదస్తుడు, అట్ట మీద పేరడీ అని వేసుకున్నాడు. మీ డైరెక్టరుకి ఆ పాటి మర్యాద లేదు. అసలు నవల తెరిచైనా చూశాడా?

నీ బావమరిది

తా.క. ముక్కు నాదే. అద్దంలో చూసుకున్నాను.

*

బావమరిదికి,

దీవెనలు ఈసారి లేవు. నన్నంటే పడ్డాను, డైరెక్టరుగారినంటే పడను. ఆయన ఆ పుస్తకం చంకలో పెట్టుకునే తిరుగుతాడు. ప్రతి షాటుకీ ముందు అందరికీ చదివి వినిపిస్తాడు. పాట కలిపితే కలిపాడు, జరిగిన కథలో వీసం మార్చలేదు. నల్లగుర్రం దొరికింది, కరుస్తుంది.

ఆయన చంకలో ఉన్నది ఏ పుస్తకమనుకున్నావు? మా పెళ్ళికి నువ్వే కుట్టి, ఎర్ర అట్ట వేసి ఇస్తే, నేనాయనకిచ్చిన కాపీయే! అందులో నూట పదిహేడో పేజీ మీ అక్క ఎత్తి రాసింది, చూడు: "పాము ముక్కు ఎగబీల్చి, అమ్మాయీ, కాస్త పక్కకి జరుగు, వస్తోంది, అంది." ఇప్పుడు చెప్పు, చదవడం ఎవరికి రాదు?

మీ అక్క భర్త

తా.క. అది చదివినప్పుడు డైరెక్టరుగారు "ఎంత ధైర్యం ఈ రచయిత్రికి!" అని కళ్ళు తుడుచుకున్నారు.

*

బావా,

తప్పు నాదే. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

పుస్తకం పదహారేసి పేజీల ఫారాలుగా వస్తుంది. వాటిని వరసగా ఏరి కుట్టడం నా పని. మీ పెళ్ళి వారంలో ఒకే బల్ల మీద నవల ఫారాలూ పేరడీ ఫారాలూ ఉన్నాయి. నీ కాపీకి ఎనిమిదో ఫారం పక్క దొంతరలోంచి తీశాను. డైరెక్టరు ఏ పాపం ఎరగడు. నా పొరపాటుని భక్తిగా సినిమా తీశాడు.

తిట్లు తినడానికి రచయిత్రిగారింటికి వెళ్ళాను. పెద్దావిడ, సినిమా మూడుసార్లు చూసిందట! "పాముని ఎందుకు చంపావని ఇన్నేళ్ళుగా తిడుతున్నారు నాయనా, ఇన్నాళ్ళకి బతికింది" అని నవ్వింది. పేరడీ ఆయన్ని అడిగి ఆ తుమ్ము తీసుకుందట. కొత్త ముద్రణలో చావు ఉండదట! అది విని పేరడీ ఆయన, ఇక తన పుస్తకంలో పాము చావక తప్పదంటున్నాడు. అక్కడ చస్తే జనం పడీపడీ నవ్వరూ? రాసినావిడే రాసినదాన్ని కాదంటే నేనెవరితో దెబ్బలాడాలి?

అందుకే అసలు ఎనిమిదో ఫారం దీంతో పంపుతున్నాను. సూదీ దారమూ కవర్లోనే ఉన్నాయి. డైరెక్టరు భోజనానికి వెళ్ళినప్పుడు ఎర్ర అట్ట పుస్తకం విప్పి, తుమ్ము తీసేసి, చావు పెట్టి కుట్టు. పుస్తకంలో ఉన్నదాంట్లో వీసం మార్చడన్నావుగా, మళ్ళీ తీస్తాడు.

శుక్రవారం కొత్త ముద్రణ ఫారాలు నా బల్ల మీదకొస్తాయి. గోదాములో చావున్న పాత ఎనిమిదో ఫారాలు ఇంకా బోలెడున్నాయి, తెచ్చి పక్కనే పెట్టుకుంటాను. గురువారం సాయంత్రం లోగా "కుట్టాను" అని నీ జవాబు నాకు అందాలి. అందలేదా, ప్రతి కాపీకీ ఎనిమిదో ఫారం పక్క దొంతరలోంచే తీస్తాను. ఈసారి పొరపాటున కాదు.