శనివారం పట్టిన చోటు

కియాత్, గంజి పొయ్యి మీద ఉంది, వేడి చేసుకో. ఉప్పు గుడ్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. రాత్రంతా బస్సు నడిపి వచ్చావు, ముందు తిను, తర్వాత ఇది చదువు.

నిన్న తినడానికి వెళ్ళిన హాకర్ సెంటర్లో పైంటి మిసెస్ క్వెక్, వాళ్ళబ్బాయి ట్యూషన్లో అప్పుడే ఆల్జీబ్రా మొదలుపెట్టాడని చెప్పింది. నేను ఊరుకోలేక, "మా హుయ్‌షిన్ కూడా ఈ శనివారం నుంచి వెళ్తోంది" అనేశాను. అన్నాక తప్పుతుందా, అక్కడే కూర్చుని ట్యూషన్ సెంటర్‌కి ఫోన్ చేసి సీటు ఖాయం చేశాను. పదేళ్ల పిల్ల పక్కనే ఉంది. దాన్ని అడగలేదు. నిన్నూ అడగలేదు.

అది నూడుల్స్ తింటూ, బల్ల మనదని తెలియడానికి పెట్టిన టిష్యూ ప్యాకెట్ వంక చూసి, "నా మీద కూడా ఒకటి పెట్టేశావా అమ్మా?" అంది. మిసెస్ క్వెక్ నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

దానికి లెక్కలు వచ్చు. ఈ క్లాసు కావాలో వద్దో మాత్రం నాకు తెలియదు. నువ్వే అడుగు. నేనడిగితే నా మొహం చూసి సరే అంటుంది. వద్దంటే సెంటర్‌కీ, పైంటావిడకీ నేనే చెప్పుకుంటాను.

సూ ఎంగ్

శనివారం నువ్వూ హుయ్‌షినూ కింద బ్యాడ్మింటన్ ఆడే వేళకే ఆ క్లాసు, నాకు తట్టనే లేదు. నీ రాకెట్ల సంచి మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. పెట్టింది నేను కాదు. తీయకు.